ఆపిన క్షణంలోనే చచ్చిపోయే బోర్డు: రొయ్యల చెరువు జనరేటర్ ప్యానెల్‌లో కాయిల్ ఎదురుదెబ్బ (కేస్ స్టడీ)

నేపథ్యం

పశ్చిమ గోదావరి జిల్లాలో ఉప్పుటేరుకు చేరువగా వనామి రొయ్యలు పెంచే ఒక ఆసామి చెరువుల మీద ఈ కేసు నడిచింది. ఆయన పేరు, ఊరు, ఆ బోర్డు ఎవరు తయారు చేశారన్న సంగతి ఇక్కడ చెప్పడం లేదు. వాటితో ఈ కేసుకు పనిలేదు. జనరేటర్ ప్యానెళ్లు, మోటారు స్టార్టర్లు బాగుచేయడం నా వృత్తి. కాయిల్ గురించి పాఠ్యపుస్తకంలో అందరూ చదివే ఒక చిన్న సూత్రాన్ని పట్టించుకోకపోతే లక్షల పంట ఎలా ప్రమాదంలో పడుతుందో ఈ కేసు స్పష్టంగా చూపించింది కాబట్టి, ప్రతి నిర్ణయం వెనుక ఉన్న కారణంతో సహా దీన్ని నమోదు చేస్తున్నాను.

వనామి చెరువులో పగలు ఆక్సిజన్ ఇచ్చే మొక్కప్లవకాలే రాత్రి దాన్ని వాడుకుంటాయి. అందువల్ల నీటిలో కరిగిన ఆక్సిజన్, అంటే రైతులు డీవో అని పిలిచేది, తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవడం మంచి పద్ధతి. 3 కన్నా దిగితే రొయ్య ఒత్తిడికి లోనవుతుంది. ఒత్తుగా పిల్ల వేసిన చెరువులో ఆ వేళ కరెంటు పోయి, నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలడానికి ఎక్కువసేపు పట్టదు. కరెంటు పోగానే జనరేటర్ తనంతట తానే లేచే ఏర్పాటును ఆసామి పెట్టించుకున్నది అందుకే.

ఆ ఏర్పాటు 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే ఒక చిన్న బోర్డు. దానికి మూడు అవుట్‌పుట్‌లు ఉన్నాయి. మొదటిది రన్: బీసీ547 ట్రాన్సిస్టర్, అంటే కాయిల్‌కు కరెంటు వేసి తీసే చిన్న స్విచ్, ఒక చిన్న రిలేను (కాయిల్ లాగితే కాంటాక్టులు కలిసే స్విచ్) లాగుతుంది, ఆ రిలే కాంటాక్టు ఇంజనుకు డీజిల్ వదిలే, కాయిల్‌తో తెరుచుకునే వాల్వ్ అయిన సోలినాయిడ్‌కు కరెంటు ఇస్తుంది. సోలినాయిడ్‌కు కరెంటు ఉన్నంతసేపే ఇంజను నడుస్తుంది. రెండోది స్టార్ట్: ఇక్కడ బీడీ139 అనే పెద్ద ట్రాన్సిస్టర్, బండ్లలో వాడే రకం పెద్ద రిలేను లాగి సెల్ఫ్ మోటారును తిప్పుతుంది. మూడోది జనరేటర్ కాంటాక్టర్, అంటే జనరేటర్ కరెంటును లోడుకు కలిపే పెద్ద స్విచ్: మళ్లీ బీసీ547, చిన్న రిలే, ఆ రిలే ద్వారా 230 వోల్టుల ఏసీ కాంటాక్టర్ కాయిల్. లైను కరెంటు తిరిగి వచ్చాక బోర్డు కొంతసేపు ఆగి, కాంటాక్టర్‌ను వదిలి, ఆ తరువాత సోలినాయిడ్‌ను వదిలి ఇంజనును ఆపుతుంది.

వచ్చిన సమస్య

బోర్డు పదేపదే పాడవుతోంది, అదీ మూడు రకాలుగా. కొన్నిసార్లు లైను కరెంటు వచ్చినా ఇంజను ఆగదు. రన్ ట్రాన్సిస్టర్ షార్టయి రిలే లాగబడే ఉంటుంది, కాపలా మనిషి వెళ్లి చేత్తో ఆపాలి. కొన్నిసార్లు బోర్డు డిస్‌ప్లే ఒక్కసారి ఆరి, మళ్లీ మొదటినుంచి లెక్క మొదలుపెడుతుంది. మూడోది అన్నిటికన్నా ప్రమాదకరం: ఇంజను లేచి, కాసేపు నడిచి, దానంతట అదే ఆగిపోతుంది. రన్ రిలే కాంటాక్టులు గుంటలు పడి, నల్లబడి, సోలినాయిడ్‌కు సరిపడా కరెంటు ఇవ్వలేకపోవడం దానికి కారణం. ఆసామి నన్ను పిలిచింది అర్ధరాత్రి దాటాక అలా ఆగిన తరువాతే. కాపలా మనిషి మెలకువగా ఉండి సోలినాయిడ్‌కు నేరుగా వైరు కలపడంతో ఆ రాత్రి పంట దక్కింది.

ముందు చేసి చూసినవి

నేను వెళ్లేసరికే చాలా ప్రయత్నాలు జరిగాయి. వాటిలో ఏదీ తెలివితక్కువది కాదు, ప్రతిదాని వెనుకా ఒక అనుమానం ఉంది. ఆ అనుమానాలు ఎక్కడ తప్పాయో చూస్తేనే అసలు కారణం తెలుస్తుంది.

మొదటి అనుమానం ఉప్పుగాలి మీదికి వెళ్లింది. సముద్రానికి అంత దగ్గరలో ఇది సహజమైన ఆలోచనే. బోర్డుకు వార్నిష్ పూయించి, రబ్బరు అంచు ఉన్న పెట్టెలో పెట్టించారు. ఫలితం లేదు. పాత బోర్డులు తెప్పించి చూస్తే రాగి గీతల మీద పచ్చటి చిలుము ఎక్కడా కనిపించలేదు. పైగా తుప్పు వల్ల వచ్చే లోపాలు బోర్డులో ఎక్కడ పడితే అక్కడ రావాలి. ఇక్కడ ప్రతిసారీ అవే రెండు ట్రాన్సిస్టర్లు, అదే ఒక్క రిలే పోతున్నాయి. అలా ఒకేచోట పదేపదే వచ్చే లోపానికి కారణం సర్క్యూట్‌లోనే ఉంటుందని నా అనుభవం.

రెండో అనుమానం బ్యాటరీ చార్జర్ ఎక్కువ వోల్టేజి ఇస్తోందని. చార్జర్ మార్చారు. నేను కొలిచినప్పుడు 13.8 వోల్టుల దగ్గర నిలకడగా ఉంది. బోర్డు సప్లయికి అడ్డంగా (దాని రెండు వైర్ల మధ్య) పెద్ద కెపాసిటర్ కూడా కట్టి ఉంది; దాంతో డిస్‌ప్లే ఆరిపోవడం కొంత తగ్గిందే తప్ప ట్రాన్సిస్టర్లు పోవడం తగ్గలేదు.

మూడో ప్రయత్నం నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది. ఊళ్లోని ఎలక్ట్రీషియన్ శ్రద్ధగా గమనించే మనిషి. స్టార్ట్ అవుట్‌పుట్ ఒక్కసారీ పాడవలేదని, అక్కడ మాత్రమే పెద్ద ట్రాన్సిస్టర్ ఉందని ఆయన గుర్తించి, రన్ అవుట్‌పుట్‌లోనూ బీసీ547 తీసి బీడీ139 వేశారు. బీసీ547 తట్టుకునే కరెంటు 100 మిల్లీఆంపియర్లు, బీడీ139 తట్టుకునేది 1.5 ఆంపియర్లు. కొంతకాలం బోర్డు నిలబడింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు, తరువాత అదీ పోయింది.

ఆ ట్రాన్సిస్టర్ మోయవలసిన కరెంటు నిజంగా ఎంత? చిన్న రిలే కాయిల్ నిరోధం 400 ఓములు. 12 వోల్టుల మీద అది లాగేది 30 మిల్లీఆంపియర్లే. బీసీ547కు అది మూడో వంతు బరువు కూడా కాదు. సర్క్యూట్‌లో ఉన్న ఫ్యూజు ఒక్కసారీ పోలేదు. అంటే ఎక్కువ కరెంటు వల్ల కాలిపోతోందన్న మాట లెక్కకు నిలవదు. మరి పెద్ద ట్రాన్సిస్టర్ కొంతకాలం ఎందుకు నిలబడింది? రెండింటి మధ్య కరెంటులోనే కాదు, తట్టుకునే వోల్టేజిలోనూ తేడా ఉంది: బీసీ547కు 45 వోల్టులు, బీడీ139కు 80 వోల్టులు. నా అనుమానం అక్కడినుంచి కరెంటును వదిలి వోల్టేజి వైపు మళ్లింది.

అసలు ఆధారం మాత్రం కాపలా మనిషి మాటల్లో దొరికింది. బోర్డు ఎప్పుడు పోతోందని అడిగితే ఆయన తడుముకోకుండా చెప్పాడు: “ఇంజను ఎక్కేటప్పుడు ఎప్పుడూ పేచీ లేదండి. కరెంటొచ్చి ఇంజను ఆపాక చూస్తేనే బోర్డు చచ్చిపోయి ఉంటదండి.” అంతకుముందు ఆయన్ను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

నిర్ధారణ

పాడయ్యేది వేసేటప్పుడు కాదు, తీసేటప్పుడు. ఈ ఒక్క విషయంతో అనుమానం నేరుగా కాయిళ్ల మీదికి వస్తుంది. బల్బుకో హీటరుకో స్విచ్ తీస్తే ఏమీ జరగదు. కాయిల్‌కు స్విచ్ తీయడం మాత్రం వేరే సంగతి. కాయిల్‌లో కరెంటు పారుతున్నంతసేపు దాని చుట్టూ, దాని లోపలి ఇనుప కడ్డీలో, అయస్కాంత క్షేత్రం నిలిచి ఉంటుంది; అందులో శక్తి దాగి ఉంటుంది. క్షేత్రం మారితే తీగలో వోల్టేజి పుడుతుందని ఫారడే 1831లో చూపించాడు. అలా పుట్టిన వోల్టేజి, తనను పుట్టించిన మార్పునే అడ్డుకునే దిశలో ఉంటుందని 1834లో లెంజ్ చెప్పాడు. కాయిల్ తన సొంత కరెంటు మారినప్పుడు కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది. దాన్ని స్వయంప్రేరణ అంటాం. దాని ప్రమాణానికి పేరిచ్చిన హెన్రీ కూడా ఆ కాలంలోనే, తీగచుట్ట నుంచి బ్యాటరీ వైరు తీసినప్పుడు ఎగిరే నిప్పురవ్వ మీద పరిశోధన చేశాడు. రన్ రిలే కాంటాక్టుల మీద గుంటలు తవ్వినది ఆ నిప్పురవ్వే.

చెరువు గట్టు మీద దీన్ని చెప్పడానికి నేను వాడేది నీటి పైపు. పొడుగాటి పైపులో వేగంగా పారుతున్న నీటిని వాల్వ్ ఒక్కసారిగా మూసి ఆపితే, పైపు ధడేలుమని అదురుతుంది. మోటారు ఇచ్చే ప్రెజరు కన్నా ఎన్నో రెట్ల ప్రెజరు ఆ ఒక్క క్షణంలో వాల్వ్ మీద పడుతుంది. కాయిల్‌లో కరెంటుకూ అలాంటి జడత్వమే ఉంది. ట్రాన్సిస్టర్ ఇక్కడ వాల్వ్.

లెక్క కూడా కష్టమైనది కాదు. పుట్టే వోల్టేజి, కాయిల్ ప్రేరకత్వాన్ని (కరెంటు మార్పును అడ్డుకునే గుణం, హెన్రీలలో కొలుస్తారు) కరెంటు మారే వేగంతో హెచ్చవేసినంత. రిలే కాయిల్ ప్రేరకత్వం అర హెన్రీ అనుకుందాం. 30 మిల్లీఆంపియర్ల కరెంటు 10 మైక్రోసెకన్లలో సున్నాకు పడితే, 0.5ను 0.03తో గుణించి 0.00001తో భాగించాలి: 1,500 వోల్టులు. ఇది ఆదర్శ సంఖ్య. నిజంగా అంత దూరం పోకముందే ట్రాన్సిస్టర్ లొంగిపోతుంది, కాయిల్‌లోని శక్తంతా దాని గుండా దూసుకుపోతుంది. ఆ శక్తి చాలా తక్కువ, మిల్లీజౌలులో నాలుగో వంతు కూడా ఉండదు. అందుకే ట్రాన్సిస్టర్ మొదటి దెబ్బకే పోదు. ప్రతి ఆపుడుకూ కొంత దెబ్బతింటూ, ఒక రోజున షార్టవుతుంది. బీడీ139 కొన్నాళ్లు ఎక్కువ బతికింది, కానీ అదీ ఆ దెబ్బను తట్టుకోవడానికి చేసినది కాదు.

ఇక మిగిలిన చిక్కు స్టార్ట్ అవుట్‌పుట్. సెల్ఫ్ తిప్పడం అయిపోగానే అక్కడా కాయిల్‌ను వదలవలసిందే. అక్కడి బీడీ139 ఎందుకు చెక్కుచెదరలేదు? రిలేను తీసి దాని మూత చూస్తే జవాబు దొరికింది. బండ్లలో వాడే ఆ రకం రిలేలు కొన్నింటిలో కాయిల్‌కు అడ్డంగా డయోడ్, అంటే కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం, లోపలే ఉంటుంది. ఈ రిలే మూత మీద గీసిన బొమ్మలో డయోడ్ గుర్తు స్పష్టంగా ఉంది. అంటే ఆ అవుట్‌పుట్‌ను కాపాడుతున్నది పెద్ద ట్రాన్సిస్టర్ కాదు, ఆ రిలే లోపలి డయోడ్. ఎలక్ట్రీషియన్ గమనించింది నిజమే, కానీ రెండు అవుట్‌పుట్‌ల మధ్య ఉన్న రెండు తేడాల్లో కంటికి కనిపించిన దాన్ని ఆయన తీసుకున్నారు.

ఇంతవరకు ఇదంతా తర్కమే. ఆసామికి నమ్మకం కుదరలేదు. “పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద నడిచేదానికి ఇంత దెబ్బ ఎక్కడినుంచి వస్తుందండీ?” అని అడిగారు. ఆ ప్రశ్నకు మాటల కన్నా పరీక్షే సరైన జవాబు. సోలినాయిడ్‌ను బోర్డు నుంచి విడదీసి, బ్యాటరీకి ఒక పుష్ బటన్ ద్వారా కలిపాను. సోలినాయిడ్‌కు అడ్డంగా ఒక నియాన్ ఇండికేటర్ ల్యాంపు కట్టాను. మామూలు టెస్టర్‌లో ఉండే నియాన్ ల్యాంపు అరవై డెబ్బై వోల్టులకు లోపు వెలగదు. 12 వోల్టులకు వెలిగే ప్రశ్నే లేదు. బటన్ నొక్కితే సోలినాయిడ్ టక్కుమంది, ల్యాంపు వెలగలేదు. బటన్ వదలగానే ల్యాంపు తళుక్కుమంది. ఆసామి ఆ బటన్‌ను తన చేత్తో మళ్లీ మళ్లీ నొక్కి వదిలి చూశారు. ఈ పరీక్ష చేసేవారు వైర్ల కొనలను చేత్తో పట్టుకోకూడదు. ఆ దెబ్బ మనిషికీ తగులుతుంది.

పక్కనే ఉన్న ఎలక్ట్రీషియన్‌కు నేను పాత ట్యూబ్‌లైట్ చోక్‌ను గుర్తుచేశాను. స్టార్టర్ విడిపోయిన క్షణంలో చోక్ ఇచ్చే ఎదురుదెబ్బతోనే ట్యూబ్ వెలుగుతుంది. ఆయన ఎన్నో ఏళ్లుగా చోక్‌లు మారుస్తున్నారు. అక్కడ మనం కోరి తెచ్చుకునే వోల్టేజే ఇక్కడ కోరకుండా వస్తోందని చెప్పాక, తరువాతి పనంతా ఆయన నాకన్నా ముందే ఊహిస్తూ వచ్చారు.

చివరగా, వోల్టేజి మార్పును గీతగా చూపించే ఆసిలోస్కోపుతో రన్ ట్రాన్సిస్టర్ కలెక్టర్‌ను, అంటే కాయిల్‌కు కలిసే కాలును, చూశాను. వదిలిన క్షణంలో వోల్టేజి నిట్టనిలువుగా లేచి, పైన ఒక చదునైన గట్టులా కాసేపు నిలిచి, తరువాత కూలింది. ఆ చదును చాలా ముఖ్యమైన గుర్తు. కాయిల్ ఇంకా పైకి తోస్తున్నా వోల్టేజి అక్కడ ఆగిందంటే, దాన్ని ఆపుతున్నది ట్రాన్సిస్టరే. అది తన హద్దు దాటి విరుగుతూ ఆ శక్తిని మింగుతోంది.

పరిష్కారం, ఒక్కో చోట ఒక్కో కారణం

కరెంటును ఒక్కసారిగా ఆపడం ప్రమాదమైతే, అది మెల్లగా చల్లారడానికి ఒక దారి ఇవ్వాలి. డీసీ కాయిల్‌కు ఆ దారి డయోడ్. వెండి గీత ఉన్న కొసను ప్లస్ వైపు పెట్టి కాయిల్‌కు అడ్డంగా కడితే, మామూలుగా అది మూసుకునే ఉంటుంది; ట్రాన్సిస్టర్ ఆగి కాయిల్ వోల్టేజి తిరగబడగానే తెరుచుకుని, కరెంటును కాయిల్‌లోనే గుండ్రంగా తిప్పుతుంది. రన్ రిలే కాయిల్‌కు 1ఎన్4007 డయోడ్ వేశాను. డయోడ్ గుండా పోయే గరిష్ఠ కరెంటు, ఆపే ముందు కాయిల్‌లో ఉన్న కరెంటే తప్ప అంతకు మించదు కాబట్టి ఒక ఆంపియరు డయోడ్ ఇక్కడ చాలా ఎక్కువ. ఆసిలోస్కోపులో మళ్లీ చూస్తే కలెక్టర్ వోల్టేజి బ్యాటరీ కన్నా 0.7 వోల్టులు మాత్రమే పైకి పోయింది.

సోలినాయిడ్‌కు ఒక ఆంపియరుకు దగ్గరగా కరెంటు ఉంది కాబట్టి మూడు ఆంపియర్ల 1ఎన్5408 వాడాను. దాన్ని బోర్డులో పెట్టాలా, ఇంజను దగ్గర పెట్టాలా అన్నది కొంత ఆలోచించవలసి వచ్చింది. బోర్డులో పెడితే వేడి, అదురు లేకుండా భద్రంగా ఉంటుంది. కానీ బోర్డుకు, ఇంజనుకు మధ్య కొన్ని మీటర్ల వైరు ఉంది; తిరిగే కరెంటు ఆ వైరంతటా తిరిగితే దాని పక్కన పోయే సెన్సర్ వైర్లలో మళ్లీ వోల్టేజి ప్రేరేపిస్తుంది. అందువల్ల చుట్టును వీలైనంత చిన్నదిగా ఉంచడానికి ఇంజను దగ్గరే పెట్టాను, స్లీవు తొడిగి గట్టిగా బిగించాను. ఆ సోలినాయిడ్‌కు ఒకటే టెర్మినల్, రెండో వైపు ఇంజను బాడీ. మెకానిక్ ఎవరైనా విప్పి బిగించినా ప్లస్ మైనస్ తారుమారయ్యే అవకాశం లేకపోవడం ఈ నిర్ణయానికి మరింత బలమిచ్చింది.

డయోడ్‌కు ఒక ఖరీదు ఉంది. కరెంటు మెల్లగా చల్లారుతుంది కాబట్టి కాయిల్ మెల్లగా వదులుతుంది. డీజిల్ సోలినాయిడ్ కొన్ని పదుల మిల్లీసెకన్లు ఆలస్యంగా మూసుకుంటే ఇంజనుకు ఏమీ కాదు. రన్ రిలే కూడా అంతే, ఎందుకంటే దాని కాంటాక్టు తెంపే సోలినాయిడ్‌కు ఇప్పుడు సొంత డయోడ్ ఉంది, నిప్పురవ్వ రాదు. మూడో రిలే విషయం వేరు. అది 230 వోల్టుల కాంటాక్టర్ కాయిల్‌ను తెంపాలి. కాంటాక్టులు నెమ్మదిగా విడిపోతే రవ్వ ఎక్కువసేపు సాగుతుంది. అందుకని అక్కడ డయోడ్‌కు వరుసలో 24 వోల్టుల జీనర్‌ను (ఆ వోల్టేజి దాటితేనే ఎదురు దిశలో కరెంటు పోనిచ్చే డయోడ్‌ను) కలిపాను. బ్యాటరీ 14 వోల్టులు, జీనర్ 24, డయోడ్ 0.7 కలిపితే కలెక్టర్ మీద దాదాపు 39 వోల్టులు పడతాయి. బీసీ547 హద్దు 45 లోపే. కాయిల్ శక్తి ఆ ఎత్తు మీద త్వరగా ఖర్చవుతుంది, రిలే చురుగ్గా వదులుతుంది.

మధ్యలో ఒక విఫల ప్రయత్నం గురించి కూడా చెప్పాలి. డయోడ్ పని తీరు చూసి ఉత్సాహపడిన ఎలక్ట్రీషియన్ పక్క చెరువు ప్యానెల్‌లోని ఏసీ కాంటాక్టర్ కాయిల్‌కు కూడా ఒక డయోడ్ అడ్డంగా కట్టారు. ఏసీలో ప్రతి చక్రంలో సగం డయోడ్‌కు నేరు దిశే కాబట్టి అది షార్టే అవుతుంది. ఆన్ చేయగానే ఫ్యూజు పోయింది. తరువాత రిలే కాంటాక్టుకు అడ్డంగా కెపాసిటర్ ఒక్కటే పెడదామన్నారు. అదీ వద్దన్నాను: కాంటాక్టు తెరిచి ఉన్నప్పుడు చార్జయిన కెపాసిటర్, మూసుకున్న క్షణంలో ఆపేవారు లేకుండా డిస్‌చార్జయి కాంటాక్టులను అతికించేయగలదు.

ఏసీ కాయిల్‌కు సరిపోయేది రెసిస్టర్, కెపాసిటర్ వరుసగా కలిపిన, ఎదురుదెబ్బను మింగే స్నబ్బర్. 100 ఓముల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ తీసుకున్నాను. కెపాసిటర్ తప్పనిసరిగా 275 వోల్టుల ఏసీకి తగిన ఎక్స్2 రకమే, అంటే మెయిన్స్ లైనుకు అడ్డంగా కట్టడానికి చేసినదే. దాన్ని కాంటాక్టుకు అడ్డంగా పెడితే, కాంటాక్టు తెరిచి ఉన్నా 50 హెర్ట్జ్ దగ్గర 7 మిల్లీఆంపియర్ల కరెంటు దాని గుండా కాయిల్‌లోకి పారుతూనే ఉంటుంది. పెద్ద కాయిల్‌కు అది లెక్కలోకి రాకపోయినా, ఆపినా ఆరని వోల్టేజి మరమ్మతు చేసేవారికి ప్రమాదం. కాబట్టి కాయిల్‌కే అడ్డంగా కట్టాం. బోర్డు డిస్‌ప్లే ఆరిపోవడం దాంతో పూర్తిగా పోయింది. పాత రన్ రిలేను ఉంచలేదు. ఒకసారి గుంటలు పడిన కాంటాక్టును గీకి శుభ్రం చేసినా నమ్మడానికి వీల్లేదు. అన్నీ కలిపి ఖర్చు చాలా స్వల్పం, పాత బోర్డు ఒక్కదాని ధరలో చిన్న భాగం.

ఆ తరువాత

పంట పట్టుబడి వరకూ బోర్డు నిలబడింది, తరువాతి పంటలోనూ అదే బోర్డు నడుస్తోంది. ఆసామి మిగిలిన చెరువుల ప్యానెళ్లకూ ఇదే పని చేయించుకున్నారు. అక్కడ తెరిచిన ఒక బోర్డులో రిలేలను నడిపే యూఎల్ఎన్2003 చిప్పు ఉంది. ఆ చిప్పు లోపల డయోడ్‌లు ఉంటాయి కాబట్టి బయట వేరే అవసరం లేదని చాలామంది అనుకుంటారు. కానీ ఆ డయోడ్‌లన్నీ తొమ్మిదో పిన్ను దగ్గర కలుస్తాయి, ఆ పిన్నును రిలేల ప్లస్‌కు కలిపితేనే పనిచేస్తాయి. ఈ బోర్డులో ఆ పిన్ను ఎక్కడికీ కలపకుండా వదిలేశారు. ఒక వైరు ముక్కతో దాన్ని కలిపాం.

ఇలాంటి ప్యానెల్ చూసేవారికి నా సలహా, ముందు మీటరు తీయకుండా మనిషిని అడగడం: ఏం పాడైంది అన్న దానికన్నా, వేసినప్పుడా తీసినప్పుడా అన్నది ఎక్కువ చెబుతుంది. వేసినప్పుడు పోతే కరెంటు లెక్క చూడాలి, తీసినప్పుడు పోతే ఆ సర్క్యూట్‌లోని ప్రతి కాయిల్‌నూ వరుసగా పట్టుకుని, దాని కరెంటుకు దారి ఎక్కడుందో చూడాలి. కొత్త బోర్డు కొనేటప్పుడు కూడా ఇది అడగవలసిన ప్రశ్నే. ట్రాన్సిస్టర్ ఎంత పెద్దదన్నది దానికి జవాబు కాదు.

వేసిన డయోడ్‌ను తనిఖీ చేసే విషయంలో ఒక జాగ్రత్త అవసరం. సోలినాయిడ్‌కు కట్టి ఉన్న డయోడ్‌ను మల్టీమీటరుతో అక్కడే పరీక్షిస్తే, కాయిల్ నిరోధం చాలా తక్కువ కాబట్టి అటూ ఇటూ ఒకేలా చూపిస్తుంది. డయోడ్ తెగిపోయినా తెలియదు. షార్టయితే ఫ్యూజు చెబుతుంది, తెగిపోతే ఎవరూ చెప్పరు, ఇంజను మామూలుగానే నడుస్తుంది, కాంటాక్టులు మళ్లీ లోలోపల కాలడం మొదలవుతుంది. ఒక కాలు విప్పి కొలవాలి, లేదా ఆ నియాన్ ల్యాంపు, పుష్ బటన్ పరీక్ష మళ్లీ చేయాలి: వదిలినప్పుడు ల్యాంపు వెలగకపోతే డయోడ్ ఉన్నట్టు, వెలిగితే మార్చవలసినట్టు. పట్టుబడి అయ్యి చెరువు ఆరబెట్టిన రోజుల్లో, ఇంజనుతో అవసరం లేనప్పుడు, ఈ పరీక్షను ఎలక్ట్రీషియనే ప్రతి ప్యానెల్ మీద చేస్తున్నారు.